చేప తలలో గింజ

మా ఆయన తాగుతున్నాడని నాకు మొదట అనుమానం వచ్చింది వాసన వల్ల. సాయంత్రం ఇంటికి వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే ఒకపక్క చేపల నీచు, దాన్ని మించి స్పిరిట్ వాసన గుప్పుమనేవి. చేపల శాఖలో ఉద్యోగం కనుక నీచుకు వంక పెట్టడానికి లేదు. మరి స్పిరిట్ సంగతేమిటి? అడిగితే "మందు సీసలది" అనేవాడు. ఏ మందు, ఎవరికి మందు అంటే పలికేవాడు కాదు. మాట దాచే మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

అది పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడాది. మేం సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నా పుట్టిల్లు కోదాడ, ఆయనది త్రిపురారం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల చెరువుల్లో ఏ చేప ఉంది, ఏది పెరుగుతోంది, ఎక్కడ పిల్లలు వదలాలి అని చూడడం ఆయన పని. సైకిలుకు ఒక సంచీ, సంచీలో సీసాలు, ఒక చిన్న వల. ఆ రోజుల్లో అలాంటి సరంజామాతో తిరిగే మనిషిని ఎవరు నమ్ముతారు? పెన్‌పహాడ్ వైపు ఊళ్ళలో ఆయన్ని పోలీసులకు కబుర్లు మోసేవాడనుకున్నారు. మిర్యాలగూడ దారిలో మిలిటరీ వాళ్ళేమో అడవిలో ఉన్నవాళ్ళకు మందులు చేరవేస్తున్నాడని ఆపి, సీసాలన్నీ మూతలు తీసి వాసన చూసి పంపారు. అటూ అనుమానమే, ఇటూ అనుమానమే. ఇంట్లో నేనొకదాన్ని.

నన్ను ఊరికే అనుమానపు మనిషి అనుకోవద్దు. అంతకు ముందు ఏడాది నాకొక ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండే పుట్టింది కానీ రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత పిల్ల. పాలు లాక్కోవడానికి కూడా బలం లేదు. ఊళ్ళకు ఊళ్ళు తుపాకుల భయంతో తలుపులు వేసుకున్న రోజులవి, దవాఖానకు పరుగెత్తుదామన్నా దారి లేదు. పట్టుమని నెల కూడా బతకలేదు. ఆ తర్వాత మా ఆయన ఆ పిల్ల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఏడుస్తుంటే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఈయన గుండె రాయి అని నాకు అప్పుడే ఖాయమైపోయింది.

ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉన్నాను. ఈ బిడ్డ నిండుగా పెరగాలి, నిలవాలి. పడుకున్నా లేచినా నాకు అదే ధ్యాస. అలాంటప్పుడు మొగుడు అలమారుకు తాళం వేసి సీసాలు దాస్తుంటే ఏ ఆడది ఊరుకుంటుంది?

సీసాలు చాలవన్నట్టు పెరట్లో రెండు పెద్ద మట్టి గోలేలు పెట్టించాడు. రెండింట్లోనూ రవ్వ చేప పిల్లలే. ఒకే చెరువులో ఒకే పూట పట్టినవి, చిటికెన వేలంత ఉండేవి. తానే బావి నుంచి నీళ్ళు తోడి మార్చేవాడు, తానే తవుడు, తెలకపిండి వేసేవాడు. నన్ను చెంబు కూడా ఎత్తనిచ్చేవాడు కాదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ కుడివైపు గోలెం దగ్గర సన్నని సూది పట్టుకుని ఏదో చేసేవాడు. నేను దగ్గరికి వెళితే వీపు అడ్డం పెట్టేవాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు. చేపలకు జర మందు."

"వాటికేం రోగం?"

"రోగమేం లేదు."

"రోగం లేనివాటికి మందెందుకు?"

"నీకెందుకే గా పరేషాన్? లోపటికి పొయ్యి కూసో," అనేవాడు మెల్లగా. కసిరినా బాగుండేది, తిరిగి నాలుగు అనడానికి వీలుండేది.

మా వాకిట్లో చేపల గంప దించే ఒకావిడ ఉండేది. ఒకరోజు బేరం అయిపోయాక కూడా కదలకుండా కూర్చుంది.

"మీ సారు మీద ఒక మాట చెప్పాలె బిడ్డా, కోపానికి రావద్దు."

"చెప్పు, రాను," అన్నాను, అప్పటికే వచ్చేసింది కానీ.

"పొద్దుగాల్నే అంగట్లకొస్తడు. మా గంపలల్లకెల్లి పెద్ద పెద్ద చేపలు తీసి నెత్తి చిప్ప లేపుతడు. లోపట దేవులాడి దేవులాడి సన్నటి గింజ ఒకటి తీసి సీసల ఏస్కుంటడు. మళ్ళ చిప్ప మూసి ఎట్లున్న చేపను గట్లనే పెడ్తడు. సర్కారు మనిషాయె, వద్దంటే చెరువుల దిగనియ్యడేమోనని మేమేమంటలేం."

"మరి అలా చీరిన చేపల్ని ఎవరు కొంటారు?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఎరుకైనోళ్ళు కొనరు. పరాయూరోళ్ళు కొంటరు. జర పసుపు రాస్తే కోసింది కనబడదు."

ఆవిడ వెళ్ళిపోయింది. తాగుడైనా నయం, నలుగురు తాగుతారు. చేప తలలోంచి గింజ తీసి దాచుకునే మనిషి గురించి నేనెప్పుడూ వినలేదు. ఇది చేతబడి కాకపోతే మరేమిటి? కడుపుతో ఉన్న పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని ఇలాంటి పనులా అని పళ్ళు నూరుకున్నాను. ఆయనతో మాత్రం అనలేదు. తీరా అంటే సీసాలు ఇంకో చోటికి మారుస్తాడు, ఇప్పుడైతే అలమారులో ఉన్నాయని తెలుసు కదా.

ఏడో నెలలో నన్ను కోదాడ తీసుకెళ్దామని అమ్మ వచ్చింది. బస్సులు సరిగా తిరగడం లేదని కొన్నాళ్ళు మా దగ్గరే ఉండిపోయింది. అల్లుడికి చేప తల వడ్డించడం మా పుట్టింటి పట్టింపు. ముక్కలు ఎవరికైనా వేస్తారు, తల మాత్రం అల్లుడిదే. అది విరగకుండా, చితకకుండా, నిండుగా విస్తట్లోకి రావాలి. అల్లుడు దాన్ని వదలకుండా తినాలి. వదిలితే అత్తగారికి తలవంపు. అందుకని అమ్మ వచ్చిన మర్నాడే నాకు చెప్పకుండా అంగడికి వెళ్ళి, ఉన్నవాటిలో పెద్ద తల ఏరి మరీ ఒక బొచ్చె చేపను తెచ్చింది. సూర్యాపేట అంగట్లో అమ్మ పరాయి ఊరి మనిషి. ఆ ముక్క నాకు వంట పూర్తయ్యేదాకా తట్టలేదు.

మా ఆయన భోజనానికి కూర్చున్నాడు. అమ్మ తలను గరిటెతో విస్తట్లోకి పసిపిల్లను దించినట్టు దించింది. ఆయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బొటనవేలితో నడినెత్తి మీద నొక్కాడు. చిప్ప పక్కకు జరిగింది. ఆయన మొహం అలా ఎర్రబడడం పెళ్ళిలో కూడా చూడలేదు నేను.

"ఏం బాబూ, తల బాగాలేదా?" అంది అమ్మ.

"మంచిగుంది అత్తమ్మా."

"మరి అలా చూస్తున్నారేం?"

ఆయనకు నాతో దాచడం వచ్చు కానీ అత్తగారితో అబద్ధమాడడం రాదు. "ఏం లేదు అత్తమ్మా. గీ తలను పొద్దున నేనొకసారి చూసిన," అన్నాడు.

అంత కోపంలోనూ నాకు నవ్వు ఆగలేదు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడి, ఆ తలలోంచి ఏం తీశారో చెప్పేదాకా అన్నం వడ్డించనన్నట్టు చూసింది. ఇక చెప్పక తప్పలేదు.

"చేప మెదడు కింద చిన్న గింజ ఉంటది అత్తమ్మా. జొన్న గింజంత గూడ ఉండదు. పెరుగుమని ఒంటికి చెప్పేది గదే. దాంట్ల ఊరే రసం నెత్తురుల కలిసి ఒళ్ళంత తిరుగుతది. గది సరిగ ఊరకుంటే ఎంత తిన్నా చేప పెరగది. పెద్ద చేపల గింజలు తీసి స్పిరిట్‌ల పెట్టి, నూరి, ఉప్పునీళ్ళల్ల కలిపి ఒక గోలెంల చేపలకు సూదేస్తున్న. రెండో గోలెంల వాటికి ఎయ్యను. ఏవి జల్ది పెరుగుతయో సూడాలె."

అమ్మ గరిటె కింద పెట్టింది. ఆ తర్వాత, "ఆ గింజ మనుషులకీ ఉంటుందా బాబూ?" అని అడిగింది.

"ఉంటది అత్తమ్మా. మనకు గూడ గాడనే ఉంటది."

అమ్మ నా కడుపు వైపు చూసింది. ఆయన ఆ చూపు గమనించలేదు. తలవంచుకుని, అప్పటికే తాను గుల్ల చేసిన తలను మర్యాద కోసం ముల్లు ముల్లూ చీకి తిన్నాడు.

వంటింట్లో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీకేమైనా కలిపి పెడుతున్నాడేమోనే. మొదటి పిల్ల చిన్నదైపోయిందని మనసులో ఉండదా? ఈసారి పెద్దది కావాలని ఏ పాలల్లోనో పోస్తున్నాడేమో."

 రోజూ సాయంత్రం పాలు కాచి గ్లాసులో పోసి ఆయనే తెచ్చి ఇచ్చేవాడు. ఇంటి పని ఏదీ ముట్టుకోని మనిషి ఆ ఒక్కటీ చేస్తుంటే నేను మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం మీద అమ్మ ఒక్క మాటతో నీళ్ళు పోసింది. ఆ సాయంత్రం ఆయన గ్లాసు తేగానే, "సగం మీరు తాగండి," అన్నాను.

"నాకెందుకే?"

"తాగితేనే తాగుతాను."

ఆయన ఎందుకని అడగలేదు, సగం తాగి ఇచ్చాడు. ఆ రోజు నుంచి అదే అలవాటైంది. ఆయన తాగి కాసేపు బాగానే ఉన్నాడని చూసుకున్నాకే నేను తాగేదాన్ని. కొన్నాళ్ళు అలా సాగేసరికి లోతుకుపోయిన ఆయన బుగ్గలు నిండాయి. అమ్మ దానికీ ఒక అర్థం తీసింది. "చూశావా, అందులో ఏదో ఉంది. లేకపోతే ఆయన ఒళ్ళు చేయడమేంటి?" అంది. పాలు తాగితే ఎవరైనా ఒళ్ళు చేస్తారని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే ఆయన నన్ను పెరట్లోకి పిలిచాడు. తనంతట తాను పిలవడం అదే మొదలు. తడిగుడ్డ మీద రెండు గోలేల్లోని చేపల్ని పక్కపక్కన పెట్టాడు. ఎడమవైపువి నా మధ్యవేలంత ఉన్నాయి. కుడివైపువి వాటిని దాటి బెత్తెడుకు దగ్గరగా వచ్చాయి. అది చూడడానికి చదువు అక్కర్లేదు.

"రెంటికీ ఒకటే తవుడు, ఒకటే బాయి నీళ్ళు," అన్నాడు.  "సూసినవా? పెరిగినయ్."

"మొదట్లో ఇంకా ఎక్కువ ఉండేవిగా?"

"కొన్ని సచ్చినయ్. కొన్ని ఉబ్బినయ్. ఎందుకో నాకు తెల్వది," అని వాటిని గబగబా నీళ్ళల్లోకి జార్చాడు. ఆ చచ్చినవాటి సంగతి నేను పట్టించుకోలేదు. ఆ పొడుగు చేపలే నా కళ్ళల్లో ఉండిపోయాయి.

తర్వాత వారం దవాఖానకు వెళ్ళాం. లేడీ డాక్టరు నా కడుపు మీద చెయ్యి వేసి, అటూ ఇటూ తడిమి, నెలలకు తగినట్టు బిడ్డ పెరగడం లేదంది. బాగా తిని, పడుకుని ఉండమంది. మొదటిసారి కూడా మంత్రసాని ఇదే మాట అంది. దవాఖాన మెట్ల మీద అమ్మ భుజం పట్టుకున్నాను. మళ్ళీ అదే జరగబోతోంది అనిపించింది. మళ్ళీ ఆ చిన్న పిల్ల, ఆ చిన్న ఏడుపు, ఆ తర్వాత అది కూడా లేకపోవడం. ఇంటికి వచ్చి వంటింట్లోకి పోకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళి కుడివైపు గోలెం దగ్గర కూర్చున్నాను. చేపలు నీళ్ళ మీదికి వచ్చి తవుడు కోసం నోళ్ళు తెరుస్తున్నాయి. ఏ మందు నాకు పెడుతున్నాడేమోనని ఇన్నాళ్ళూ హడలిపోయానో, అది ఎందుకు పెట్టడం లేదా అని ఆ క్షణంలో ఒళ్ళు మండింది.

సాయంత్రం ఆయన సైకిలు దిగగానే అడిగాను.

"ఆ మందు నాకివ్వండి."

"ఏ మందు?"

"చేపలకిచ్చేది. మనుషులకీ ఆ గింజ ఉంటుందన్నారుగా. మీకు సూదెయ్యడం వచ్చు. నాకెయ్యండి, లేదా పాలల్లో పొయ్యండి."

 "పిచ్చిదానివైనవా? చేపది మనిషికెట్ల పడ్తది? ఏమైతదో నాకే తెల్వది."

"తెలియకుండానే చేపలకెట్లా ఇచ్చారు?"

"చేప సస్తే ఇంకో చేపుంటదే."

మంచి మాటే. కానీ నాకు అది మంచిగా వినబడలేదు. "పరాయి చేపల కోసం ఏడాదిగా చాకిరీ చేశారు. సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాదు. మొదటిదాన్ని మరిచిపోయినట్టే దీన్నీ మరిచిపోతారు," అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకుని వింటూ నిలబడ్డాడు. చివరికి నేనే అలిసిపోయి, "రేపు మళ్ళీ అడుగుతాను. ఇచ్చేదాకా రోజూ అడుగుతాను," అని లోపలికి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు అడగడానికి లేచేసరికి అలమారు బార్లా తెరిచి ఉంది. సీసాలన్నీ కడిగి అరుగు మీద బోర్లించి ఉన్నాయి. పెరట్లో గోలేలు రెండూ ఖాళీ.

"చేపలేవి?"

"చెరువుల ఇడిసిన."

"మందేదీ?"

"ఖతమైంది," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నిన్నటిదాకా నిండుగా ఉన్న సీసాలు ఒక్క పూటలో ఎలా ఖతమవుతాయి? అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, "ఎవరో పెద్దింటి కోడలికి ఇచ్చి ఉంటాడు. పై ఆఫీసరు ఇంట్లోనూ ఎవరో ఒకరు కడుపుతో ఉండరూ?" అంది. నాకూ అదే నిజమనిపించింది. నా బిడ్డకు అందాల్సింది ఇంకెవరి బిడ్డకో పోయిందనుకున్నాను. బస్సులు మొదలవగానే కోదాడ బయల్దేరాను. బస్సులో నా నడుముకు ఆయన బొంత మడిచి పెడుతుంటే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. బస్సు కదిలేదాకా నిలబడే ఉన్నాడని అమ్మ చెప్పింది.

కోదాడలో కాన్పయింది. మళ్ళీ ఆడపిల్ల. చిన్న పిల్లే, కానీ మొదటిదానంత చిన్నది కాదు. ఏడిస్తే పక్కింటికి వినిపించింది. నోటికి అందిస్తే పాలు గుటకలు వేసి తాగింది. ఆ గుటకల చప్పుడు వింటూ నేను ఏడ్చాను. అయినా నా భయం పూర్తిగా పోలేదు, పిల్ల నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని.

కబురందుకుని ఆయన వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడిపోయాడు. ఎలా ఉన్నావని అడిగేలోపే నేను అడిగేశాను.

"ఆ మందు ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇయ్యలే. మోరీల పోసిన."

"ఏడాది కష్టం మురికి కాలువలో పోశారా? నన్ను నమ్మమంటారా?"

ఆయన గడప మీద కూర్చున్నాడు. నా వైపు చూడకుండా నేల వైపు చూస్తూ చెప్పాడు.

"నువ్వు మళ్ళ అడుగుతనన్నవ్. ఒకసారి కాదన్న. రెండోసారి కాదనుడు నాతోని కాకపోవు. మొదటి పిల్ల పోయినకాన్నుంచి నాకొకటే సోచన. ఒకటి ఎందుకు పెరుగుతది, ఒకటి ఎందుకు పెరగది అని. నీతోని చెప్పుకుంటే నువ్వింకింత ఏడుస్తవని చెప్పలే. గా దినం నువ్వు లోపటికి పోయినంక పాలు పొయ్యి మీద పెట్టిన. సీస నా చేతులనే ఉండె. ఒక్క సుక్క ఏస్తే ఏమైతది అనుకున్న. మూత గూడ తీసిన. గప్పుడు సచ్చిన చేపలు యాదికొచ్చినయ్. గా సీస ఇంట్ల ఉంటే ఇయ్యాల కాకుంటే రేపు ఏస్తనని నాకు భయమైంది. అందుకే పోసేసిన."

 గుండె రాయి అనుకున్న మనిషి ఏడాది పొడుగునా అంగట్లో చేపల తలలు చీరుతూ వెతుకుతున్నది మా మొదటి పిల్లనే. నాకు చేతులు చాపి ఆయన్ని పట్టుకోవాలనిపించింది. బాలింతను, లేవలేకపోయాను.

"ఆఫీసులో ఏం చెప్పారు?" అన్నాను.

"పని చేసిందంటే మళ్ళ చెయ్యమంటరని, మందు పని చెయ్యలే, చేపలన్ని సచ్చినయని చెప్పిన."

"నమ్మారా?"

"నమ్మలే. పని ఎగ్గొట్టి తిరిగిండన్నరు. ఇగ ఆ పని నాకియ్యరు."

అమ్మ పిల్లను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. పిల్ల వేలెడంత పాదాన్ని ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ పిల్ల ఆ తర్వాత పెరగడం పెరిగింది, మరీ పొడుగేం కాలేదు కానీ. ఆ పూట ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

"శానా సిన్నగుందే," అన్నాడు. కళ్ళనీళ్ళు పిల్ల పొత్తిగుడ్డ మీద పడ్డాయి. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఏడవగా నేను చూడలేదు.

"పెరుగుతుంది," అన్నాను. పెరుగుతుందని నాకు తెలిసి కాదు. ఏడాదిగా ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు.